ఓక్ చెట్టు మీది మంచె

పోయిన నెల అమ్మానాన్నల ఇల్లు ఖాళీ చేయడానికి వెళ్లినప్పుడు, గరాజ్‌లో మంచు ఎత్తే పారలకూ ఎండిపోయిన పెయింట్ డబ్బాలకూ వెనక, ఒక అట్టపెట్టె అడుగున, విప్పని ప్లాస్టిక్ ప్యాకెట్ చేతికి తగిలింది. అంచు కోయగానే కొత్త నైలాన్ వాసన, ఇనుముకు పూసిన నూనె వాసన కలిసి గుప్పున వచ్చాయి. లోపల నారింజరంగు పట్టీ ఒకటి చుట్టగా ఉంది, దాని చివర బిగించే ఇనుప రాట్చెట్ తుప్పు మచ్చ లేకుండా మెరుస్తోంది. ప్యాకెట్ మీద నల్ల మార్కర్‌తో, పెద్ద పెద్ద అక్షరాల్లో, ‘పై కట్టుకు’ అని ఇంగ్లీష్‌లో రాసి ఉంది. ఆ చేతిరాత ఎవరిదో చూడగానే తెలిసింది. అది మా ఇంట్లో ఉండేదన్న సంగతి మాత్రం ఇన్నేళ్లలో నాకు ఎవరూ చెప్పలేదు.

అమెరికాలో మా ఊరు, తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే నేపర్‌విల్‌కు పడమరగా రెండు గంటల దూరం. నాన్న అక్కడ ట్రాక్టర్ విడిభాగాల ఫ్యాక్టరీలో ఇంజనీరు. నాకు ఐదేళ్లప్పుడు వచ్చాం. ఊరంతటికీ మాదొక్కటే తెలుగు ఇల్లు కాబట్టి, కందిపప్పు కావాలన్నా కరివేపాకు కావాలన్నా, అమ్మకు నోరారా నాలుగు మాటలు మాట్లాడుకోవాలన్నా నెలకోసారి నేపర్‌విల్ పోవలసిందే. మిగతా రోజులన్నీ మొక్కజొన్న చేలే మా లోకం. జూలైలో ఆ చేల మధ్య రోడ్డు మీద నడిస్తే పచ్చి ఆకు వాసనతో గాలి చెమటలా ఒంటికి అంటుకునేది, సెప్టెంబర్ చివర కోత యంత్రాలు దిగితే పొట్టు ఎగిరి కిటికీ అద్దాల మీద, ఆరేసిన బట్టల మీద, మా ముక్కుల్లో పేరుకునేది, అక్టోబర్ వచ్చేసరికి చేలన్నీ బోడిగా అయిపోయి, అప్పటిదాకా కనిపించని అడవి ఒక్కసారిగా ఇంటికి దగ్గరగా జరిగి వచ్చినట్టుండేది. నాకు ఆ నెల అంటే అప్పటికే కొంచెం భయం. నవంబర్‌లో జింకల వేట మొదలయ్యే శుక్రవారం మా క్లాసులో సగం కుర్చీలు ఖాళీగా ఉండేవి, దూరంగా తుపాకి మోతలు వినపడుతుంటే టీచర్ ఏమీ జరగనట్టు భిన్నాలు చెప్పేది.

మా పెరటి వెనక అడవి వాల్టర్ అంకుల్‌ది. ఆయన డెబ్బై దాటిన రైతు, ఒంటరివాడు. పెద్దవాళ్లందరినీ అంకుల్ అనే అలవాటుతో ఆయన్నీ అలాగే పిలిస్తే, తనకు మేనకోడలు ఎప్పుడు పుట్టిందో ఎవరూ చెప్పలేదే అని మొదటిరోజే నవ్వాడు. నాన్నకు వేట నేర్పింది ఆయనే. ఆయన పొలం గట్టున చెట్టుకు ఆనించి ఉన్న ఇనుప నిచ్చెన, దాని పైన జింకల కోసం కాపు కాస్తూ కూర్చునే చిన్న సీటు చూసి, ‘ఇది మన మంచె కదనే’ అని అమ్మతో అన్నప్పుడు నాన్న ముఖం నాకు ఇంకా గుర్తుంది. కరీంనగర్ దగ్గర వాళ్ల జొన్నచేలో, మంచె మీద నిలబడి వడిసెలతో పిట్టల్ని తోలిన పిల్లాడు ఆయన. ఆ వారమే అలాంటిదే ఒకటి కొన్నాడు. ఊళ్లో వాళ్లు దాన్ని లాడర్ స్టాండ్ అనేవారు. మా ఇంట్లో అది మంచె.

దాన్ని చెట్టుకు కట్టడం ఒక పెద్ద తంతు, అందులో నాకూ ఒక పని ఉండేది. వాల్టర్ అంకుల్ అడవిలో తిరిగి తిరిగి, గుండ్రంగా నిటారుగా పెరిగిన ఒక ఓక్ చెట్టు చూపించాడు. నిచ్చెన కాళ్లను నేలలోకి దిగేట్టు తొక్కి, నిచ్చెన నడుమ నుంచి వచ్చే ఇనుప కమ్మీని మానుకు ఆనించి, నా తల ఎత్తున ఒక పట్టీ చుట్టి బిగించాలి. అది కింది కట్టు. తరువాత నాన్న పైకెక్కి సీటు దగ్గర రెండో పట్టీ చుట్టి బిగించేదాకా కింద ఇద్దరు నిచ్చెనను వదలకుండా పట్టుకోవాలి. ఆ ఇద్దరిలో ఒకరిని నేను. పైన రాట్చెట్ టకటకమంటూ బిగుసుకుంటుంటే నా అరచేతుల్లో ఇనుము సన్నగా వణికేది, ఓక్ బెరడు పొడి కళ్లలో పడేది, ముక్కు దురద పెట్టినా చెయ్యి తీసేదాన్ని కాదు. అంతా అయ్యాక వాల్టర్ అంకుల్ ప్రతి పట్టీనీ మూడుసార్లు, తన బరువంతా వేసి గుంజేవాడు. రెండు కాదు, మూడు. ఆయనవి రెండే సూత్రాలు. నైలాన్‌ను ఎండ తింటుంది కాబట్టి ఏడాదికోసారి పట్టీలు మార్చాలి. కట్టినవాడే విప్పాలి, ఇంకొకరు ముట్టకూడదు. ఈ రెండో మాట నా కళ్లలోకి చూసి చెప్పాడు, ఎందుకంటే రాట్చెట్ విప్పడం బిగించడం నాకు ఆటగా ఉండేది, విప్పడం బాగా వచ్చింది, బిగించడం మాత్రం సగమే వచ్చింది.

మొదటి ఏడు నాన్న ఒక జింకను కొట్టాడు. అమ్మ దాన్ని గసగసాలూ కొబ్బరీ నూరి వండితే వాల్టర్ అంకుల్ ముక్కూ కళ్లూ కారుతుండగా రెండుసార్లు వడ్డించుకున్నాడు. వేట రోజులు ముగిశాక తీసేయాల్సిన మంచెను నాన్న తీయలేదు. ‘మళ్ల ఏడాదికి కట్టుడే కదా’ అని చలికాలమంతా, ఎండాకాలమంతా చెట్టుకే వదిలేశాడు.

నేను ఆరో తరగతికి వచ్చిన ఏడాది, ఆగస్టులో, మా నానమ్మ ఆరు నెలలు ఉండడానికి వచ్చింది. మనిషి బక్కపలచన, మాట మాత్రం గంట కొట్టినట్టు. కీళ్లవాతంతో వేళ్లు అల్లం కొమ్ముల్లా వంకర్లు తిరిగి ఉండేవి, ముద్ద కలుపుకోవడమే కష్టం. ఈ దేశపు చలికి అమ్మ కొనిచ్చిన ఊదారంగు స్వెట్టర్ గుండీలు పెట్టుకోవడం ఆమె వల్ల కాక, పొద్దున్నే బస్సు వచ్చేలోపు నేనే ఐదూ పెట్టేదాన్ని, ఆ పని చేసినన్నిసార్లూ నాన్న కాఫీ తాగుతూ మమ్మల్ని చూస్తూ కూర్చునేవాడు. నానమ్మకు ఇక్కడేదీ పరాయిగా అనిపించలేదు, అనిపించినా ఒప్పుకోలేదు. రోడ్డు పక్కన పచ్చగా విరగబూసిన గోల్డెన్‌రాడ్‌ను చూసి ‘గిదే తంగేడు’ అంది, అదే కోయించి బతుకమ్మ పేర్చింది. కంచె మీద వాలిన నీలిరంగు బ్లూ జేను చూసి పాలపిట్ట అని దండం పెట్టింది. పెరుగు సద్ది, నువ్వుల సద్ది, చింతపండు పులిహోర, బెల్లం కలిపిన మలీద అన్నీ చేయించి, మా వంటింటిని తొమ్మిది రోజులు ఘుమఘుమలాడించింది. పదో రోజుకు ఆమెకు జమ్మి చెట్టు కావాల్సి వచ్చింది.

దసరా సాయంత్రం జమ్మికి పూజ చేసి, ఆకు తెంపి, ‘బంగారం’ అని ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుని, పెద్దల కాళ్లు మొక్కడం తెలంగాణలో ప్రతి ఊళ్లోనూ ఉన్నదే. ఇల్లినాయిలో జమ్మి ఎక్కడిది? నానమ్మ నా చెయ్యి పట్టుకుని అడవంతా తిరిగి, చివరికి మంచె ఉన్న ఓక్ ముందు ఆగింది. ఆ నెలలో దాని ఆకులన్నీ పసుపురంగుకు తిరిగి ఉన్నాయి. పైగా పాండవులు ఆయుధాలు పెట్టింది చెట్టు మీదే కదా, నా కొడుకు తుపాకి పెట్టేదీ దీని మీదే కదా అని ఆమె లెక్క. కాదనడానికి నాకేం తెలుసు! నేపర్‌విల్ నుంచి రెండు కుటుంబాలు సాయంత్రానికి వస్తున్నాయి. నాన్న షిఫ్ట్‌లో ఉన్నాడు, అమ్మ వంటింట్లో గారెలు వేస్తోంది. మధ్యాహ్నం నేనూ నానమ్మా పసుపు, కుంకుమ, నీళ్ల చెంబు పట్టుకుని చెట్టు దగ్గరికి ముందే వెళ్లాం.

పసుపు రాయబోయి ఆమె చెయ్యి కింది కట్టు మీద ఆగిపోయింది. ఎప్పటి నుంచో అలాగే ఉన్న పట్టీ బెరడులోకి దిగి, అంచున సన్నగా జిగురు కారి నల్లబడింది.

“కట్టేసిన చెట్టుకు మొక్కుతరా, బిడ్డా? గొంతు పిసికినట్టున్నది. విప్పు. పూజ అయినంక మళ్ల కట్టుదాం.”

నాన్న వచ్చాక అడుగుదామని నేను అనాలి. అనలేదు. నాన్నకు తప్ప ఆ ఇంట్లో ఎవరికీ రాని పని నాకు వచ్చునని చూపించుకునే అవకాశం అది. నాలుక పెదవుల మధ్య పెట్టుకుని రాట్చెట్ పిడి పైకి లేపాను, టక్కుమంది, పట్టీ వదులై జారి నా పాదాల మీద పడింది. చెట్టు చుట్టూ పాలిపోయిన గాడి ఒకటి మిగిలింది. నానమ్మ ఆ గాడి నిండా పసుపు రాసింది.

నేపర్‌విల్ వాళ్లు వచ్చారు, పూజ అయింది, పసుపు ఆకులు చేతులు మారాయి. ఇక్కడి ఆకు నిజంగానే బంగారం రంగులో ఉందని అందరూ మురిసిపోయారు. నాన్న యూనిఫాంతోనే వచ్చి నానమ్మ కాళ్లు మొక్కాడు, ఆమె ఆయన తల నిమిరింది. పిల్లలం రాలిన ఆకుల్ని కుప్ప చేసి దూకాం. పెద్దవాళ్లు ఇంటివైపు మళ్లుతుండగా నాకు పట్టీ గుర్తొచ్చింది. ఆకుల కింద వెతికి తీసి, మానుకు చుట్టి, రాట్చెట్‌లో కొస ఎక్కించబోతే ఎక్కలేదు. వెలుతురు తగ్గుతోంది, ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నారు. కొసను పట్టీ కిందికే మడిచి దోపాను. దూరం నుంచి చూస్తే బిగించి కట్టినట్టే ఉంది. నేను చేసిన వాటన్నిటిలో ఇన్నేళ్లూ నన్ను తిన్నది ఆ మడత. మర్చిపోయి ఉంటే మర్చిపోయానని అనుకునేదాన్ని. నేను కట్టినట్టు కనబడేట్టు చేశాను.

రేపు నాన్నకు చెప్తాను అనుకున్నాను. రేపు అయింది, ఎల్లుండి అయింది. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ అందరికీ చెప్పేది, అలాంటిదాన్ని ఆ ఒక్క మాట మాత్రం మింగి కూర్చున్నాను. చెబితే వాల్టర్ అంకుల్ ముందు పరువు పోతుంది, నిచ్చెన పట్టుకునే పని పోతుంది, అదీ నా భయం. రెండుసార్లు స్కూలు నుంచి వచ్చి ఒక్కదాన్నే అడవి అంచుదాకా వెళ్లాను. అక్టోబర్ చివర ఆకులన్నీ రాలి చెట్లు బోడులైతే మంచె దూరానికే నల్లగా కనిపించేది, దాని మీద ఎవరో కూర్చుని నా వంక చూస్తున్నట్టుండేది. వెనక్కి వచ్చేశాను. వేట మొదలయ్యే రోజు పెద్ద గాలివానొచ్చి నాన్న వెళ్లలేదు. నేను బాత్రూమ్ తలుపు వేసుకుని దేవుడికి దండం పెట్టాను. మరునాడు మధ్యాహ్నానికి ఆకాశం తేటపడింది. ఆ సాయంత్రం ఆయన బూట్లకు నూనె రాస్తుంటే పక్కన కూర్చుని, “నాన్నా, స్ట్రాప్స్ ఒకసారి చెక్ చెయ్యవా?” అన్నాను.

“పోయినేడు కట్టిందే కదా, ఎటు పోతది. అచ్చం వాల్టర్ లెక్క మాట్లాడుతున్నవ్,” అని నవ్వి నా జుట్టు చెరిపాడు. నేనూ నవ్వాను.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి నేను ఉప్మా తింటున్నాను. వాల్టర్ అంకుల్ ట్రక్ మా ఇంటి ముందుకు ఎప్పుడూ రాని వేగంతో వచ్చి గడ్డి మీదే ఆగింది. ఆయన దిగి, టోపీ తీసి చేత్తో పట్టుకుని నడిచొచ్చాడు. ఆయన బట్టతల నేను చూడడం అదే మొదటిసారి, అది చూడగానే చెంచా నా చేతిలోంచి జారింది. నాన్న బతికే ఉన్నాడని ఆయన ముందే చెప్పాడు, అంబులెన్స్ వచ్చి తీసుకెళ్లిందన్నాడు. పైమెట్టు దాటి సీటు మీద కాలు పెడుతుండగా మంచె పక్కకు తిరిగి, పదిహేను అడుగుల మీది నుంచి మనిషితో సహా పడిందట. చప్పుడు విని అడవి అవతలి నుంచి తాను పరుగెత్తాడట. తరువాత ఆయన జేబులోంచి రెండు పట్టీలు తీసి మా వంటింటి గట్టు మీద పెట్టాడు. ఒకటి రంగు వెలిసిపోయి, పీచు పీచుగా రెండు ముక్కలై ఉంది. రెండోది ఎక్కడా తెగలేదు, విప్పి ఉంది, దాని మీద పసుపు మరకలున్నాయి. అందరి కళ్లూ రెండోదాని మీదే నిలిచాయి. ఇది ఎవరు విప్పారని ఆయన మెల్లగా అడిగాడు.

నేను తేలుకుట్టిన దొంగలా కూర్చున్నాను. నానమ్మకు ఒక్క ఇంగ్లీష్ ముక్క రాదు. అయినా ఆ పట్టీనీ, నా ముఖాన్నీ చూసింది, అంతే.

“నేనే విప్పిన,” అంది అమ్మతో. “పూజకు అడ్డమున్నదని విప్పిన, మళ్ల కట్టుడు రాలే. ఆయనకు చెప్పు.”

అమ్మ ఏడుస్తూనే అది ఇంగ్లీష్‌లో చెప్పింది. నేను ఉప్మా గిన్నె వంక చూస్తూ ఉండిపోయాను.

నాన్న తుంటి ఎముక విరిగింది, తొడలో రాడ్ వేశారు, క్రిస్మస్‌కు ఇంటికి వచ్చినా మంచం దిగలేదు. నానమ్మ వంకర వేళ్లతో పళ్లెం పట్టుకుని గదిలోకి వెళితే ఆయన గోడవైపు తిరిగేవాడు, అమ్మ తెస్తేనే తినేవాడు. తిట్టలేదు, అరవలేదు, అదే ఉంటే బాగుండేది. ఆమె గుమ్మం దగ్గర కాసేపు నిలబడి పళ్లెం వెనక్కి తెచ్చి, తనే ఆ చల్లటి అన్నం తినేది. ఫిబ్రవరిలో ఆమె వెళ్లిపోయే రోజు, స్వెట్టర్ గుండీలు పెడుతూ నేను వెక్కి వెక్కి ఏడ్చాను, చెప్పేస్తానన్నాను. ఆమె నా నోటికి తన చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చేతికి పసుపు వాసన.

“ఊకో. నేను పోయేదాన్ని బిడ్డా, నువ్వు ఉండేదానివి.”

నాన్న వాకర్ పట్టుకుని హాల్లోకి వచ్చాడు కానీ ఆమె ముఖం చూడలేదు. తరువాత ఆదివారాల్లో అమ్మ కాలింగ్ కార్డ్ గీకి నంబర్ కలిపితే, ‘నడుస్తున్నడా నా కొడుకు?’ అన్నదే నానమ్మ మొదటి మాట. నాన్న ఫోన్ అందుకుని ‘ఆఁ’ అని నా చేతికి ఇచ్చేసేవాడు. రెండో ఏడు వానాకాలంలో ఆమె పోయింది. కాలు ఇంకా సరిగా లేదని ఆయన వెళ్లలేదు.

ఇదంతా ఆ గరాజ్‌లో, ప్యాకెట్ చేతిలో పట్టుకుని నిలబడ్డప్పుడు ఒక్కసారిగా మీదపడింది. అమ్మ లోపల గిన్నెలు సర్దుతోంది, నాన్న కర్ర ఆనించుకుని వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వాళ్లిద్దరినీ ఫ్రిస్కోలో నేనుంటున్న ఇంటికి తీసుకుపోవడానికి తెచ్చిన అద్దె ట్రక్‌లో సగం సామాను ఎక్కింది. ప్యాకెట్ తీసుకెళ్లి ఆయన ఒళ్లో పెట్టాను. ఆ నల్ల అక్షరాల్ని బొటనవేలితో తడిమాడు.

“నాన్నా, ఆ దసరాకు కింది స్ట్రాప్ విప్పింది నేను. నానమ్మ కాదు.”

“తెలుసు,” అన్నాడు తల ఎత్తకుండా. “ఆమె గుండీలు పెట్టేది నువ్వే కదా. ఆ వేళ్లకు రాట్చెట్ లేస్తదా?”

నేను ట్రక్ అంచున కూర్చున్నాను. మరి నానమ్మతో ఎందుకు మాట్లాడలేదని అడిగాను.

“ఇది వాల్టర్ ఆ ఏడు సెప్టెంబర్‌లనే ఇచ్చిండు. పైది ఎండకు ఖరాబయింది, మార్చు అన్నడు. ఈ వారం, వచ్చే వారం అనుకుంట గరాజ్‌ల పెట్టిన. తెగింది ఆ పైదే. పడ్డంక వాల్టర్ ఒక్క మాట అనలే, నేనూ మీ అమ్మకు చెప్పలే.” పట్టీ కొసను వేళ్లకు చుట్టుకున్నాడు. “తప్పు నాదని ఒప్పుకోవాలె, లేకుంటే ఎవరి మీదనన్న కోపం పెట్టుకోవాలె. పిల్లవు, నిన్నేమంట? ఆమె నేనే అన్నది. సరే అనుకున్న.”

నాకు ఆయన మీద కోపం వచ్చింది, జీవితంలో ఎన్నడూ రానంత కోపం, దాంతోపాటే నేను ఆమె పక్కన కూర్చుని ఉప్మా గిన్నె చూస్తూ ఉండిపోవడమూ గుర్తొచ్చింది. ఇప్పుడు చెప్పుకోవడానికైనా అక్కడ ఏం మిగిలింది! వాల్టర్ అంకుల్ పోయాక అడవి అమ్మేశారు, ఓక్ కొట్టేశారు, ఆ చోట ఒకేలాంటి ఇళ్లు పన్నెండు లేచాయి, గోల్డెన్‌రాడ్ పూసే రోడ్డు పక్కన కాంక్రీటు పోశారు, మంచె ఇనుము ఎప్పుడో పాత సామాన్ల వాడికి పోయింది.

చివరికి బీరువా ఒక్కటి మిగిలింది. ట్రక్ గోడకు ఆనించాను కానీ కట్టడానికి తాడు లేదు. నాన్న కర్ర పక్కన పెట్టి, ఆ కొత్త పట్టీ తీసుకుని, ఒంటికాలి మీద బరువు వేసి లోపలికి ఎక్కాడు. నేను బీరువా పట్టుకున్నాను, ఆయన చుట్టి కొస ఎక్కించి టకటకమని బిగించాడు. ఒకసారి గుంజాడు. రెండోసారి గుంజాడు. మూడోసారి గుంజి, పట్టీ వదలకుండా అలాగే నిలబడిపోయాడు.

“మా అమ్మ నంబర్ నాకు ఇంకా నోటికున్నది, బిడ్డా,” అన్నాడు.

నేను బీరువా మీది నుంచి చెయ్యి తీయలేదు.